టియెర్నీ అండ్ సన్స్ కొట్టుకు బేరానికి వెళ్ళి

ఐర్లాండు యాత్ర అంటే సముద్రం అంచున కొండలు, పచ్చిక, గొర్రెలు. వెళ్ళొచ్చినవాళ్ళు పెట్టే ఫోటోలూ అవే. నేను మాత్రం మూడు రోజులు కొట్ల మీద బోర్డులు చూసి వచ్చాను. గొర్రెలు దారిలో కనిపించాయి గానీ వాటికీ నాకూ పెద్దగా పరిచయం కుదరలేదు.

కరోనా వచ్చాక రెండో వేసవి అది. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న నిబంధన పుణ్యమా అని, డబ్లిన్ శివార్లలోని సిటీవెస్ట్‌లో మా అపార్ట్‌మెంట్ల చుట్టూ గానుగెద్దులా తిరిగి తిరిగి, ఏ ఇంటి కుక్క ఎప్పుడు మొరుగుతుందో కూడా నాకు కంఠతా వచ్చేసింది. ఇక కౌంటీలు, అంటే ఇక్కడి జిల్లాలు, దాటి తిరగవచ్చని ప్రభుత్వం చెప్పిన రోజున మా ఆవిడ శిరీష, "ఎక్కడికైనా వెళ్ళి రా, ఇంట్లో కాస్త గాలాడుతుంది" అంది. సరిగ్గా అప్పుడే పడమటి తీరాన ఉన్న గాల్వే నుంచి విజయమేరి ఫోన్ చేసింది.

విజయమేరిది తెనాలి. ఒకప్పుడు మా కింద ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు. నన్ను అన్నయ్యా అంటుంది. భర్త ప్రభుదాసుకు గాల్వేలో వైద్య పరికరాలు చేసే కంపెనీలో షిఫ్టులు. ఈమె గాల్వేకి గంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో, వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేస్తోంది.

"అన్నయ్యా, మా హోమ్ ఉన్న ఊళ్ళోనే అద్దెకి ఒక పాత కొట్టు చూశాను. కర్రీ పాయింట్ పెడదామని. పైన రెండు గదులున్నయ్యి, మేం అక్కడికే మారిపోవచ్చు. మీ బావ మాట్లాడితే వాళ్ళెంత చెబితే అంతకీ తలూపి వస్తాడు. నువ్వొచ్చి మాట్లాడాల."

"మరి నీ ఉద్యోగం?"

"ఇంక నా వల్ల కావట్లేదన్నయ్యా. పోయినేడు ఒక్కో గదీ ఖాళీ అవతా ఉంటే ఆ పక్కల మీద దుప్పట్లు మార్చింది నేనే. మళ్ళీ కాంట్రాక్ట్ ఇచ్చారు, సోమవారం సంతకం పెట్టాల. ఈ కొట్టు కుదిరితే పెట్టను. కుదరకపోతే పెట్టక చస్తానా."

వస్తానన్నాను.

నాకు బేరం వచ్చు. విజయవాడ బీసెంట్ రోడ్డులో మా అత్తయ్య కొంగు పట్టుకుని తిరిగి నేర్చుకున్న విద్య. కొనదలచుకున్న వస్తువును చచ్చినా మెచ్చుకోకూడదు. రంగు పోతుందనాలి, నేత పలచన అనాలి, చివరికి వద్దులే అని నడిచిపోవాలి. నాలుగడుగులు వేసేలోపు వెనక నుంచి పిలుపు వస్తుంది. ఈ దేశంలో అన్నిటికీ ధర చీటీలు అంటించి ఉంటాయి కాబట్టి ఆ విద్య తుప్పు పట్టిపోయింది. దానికి మళ్ళీ పదును పెట్టే అవకాశం వచ్చినందుకు లోపల్లోపల సంతోషించాను కూడా.

బీరు, మేకులు, శవపేటికలు

కారులో గాల్వే వెళ్తూ దేశం నడుమ ఒక ఊళ్ళో ఆగాను. ఇక్కడ ఏ ఊరికైనా ఒక పెద్ద వీధి, దానికి రెండు వైపులా రెండంతస్తుల కొట్లు. గోడలకు గులాబీ, నీలం, పసుపు రంగులు. తలుపుల మీద పొడుగాటి చెక్క, దాని మీద చేత్తో రాసిన పేరు, ఇరువైపులా చెక్కుడు పని చేసిన స్తంభాలు. ఒక కొట్టు ముందు మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. ఒకే బోర్డు మీద బార్, ఇనుప సామాను, అంత్యక్రియల ఏర్పాట్లు అని వరుసగా రాసి ఉంది. మనిషి ఇక్కడ గ్లాసు పట్టుకుని కూర్చుంటే చాలు, ఇంకెక్కడికీ వెళ్ళే పని లేదు.

లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. కిటికీలోంచి కాఫీ అమ్ముతున్నారు, మూడున్నర యూరోలు. కాఫీ అందించిన పెద్దమనిషిని, "బోర్డు మీది పేరు మీదేనా అండీ?" అని అడిగాను.

"కాదు కాదు. వాళ్ళు ఎప్పుడో పోయారు. మా నాన్న కొన్నాడు దీన్ని."

"మరి పేరు మార్చలేదేం?"

ఆయన కిటికీలోంచి తల బయటకు పెట్టి బోర్డును ఒకసారి చూసుకున్నాడు. "దానికేం, గ్రాండ్‌గానే ఉందిగా" అన్నాడు.

ఈ దేశంలో గ్రాండ్ అంటే ఘనంగా ఉందని కాదు, నడుస్తోందని. నాకైతే మతిపోయింది. మన దగ్గర పాత యజమాని సామాను ఆటో ఎక్కకముందే కొత్త యజమాని ఫ్లెక్సీ లేస్తుంది. దాని మీద ఆయన ఫోటో, వాళ్ళ నాన్న ఫోటో, వీలైతే ఎమ్మెల్యే ఫోటో, కింద ప్రొ. అని పెట్టి ఇంటి పేరుతో సహా పేరు. భవనం ఏదో, ఏనాటిదో ఫ్లెక్సీ వెనక దేవుడికే ఎరుక. ఇక్కడేమో వేరేవాళ్ళ పేరు కింద తండ్రీ కొడుకులు రెండు తరాలు బతికేసి, గ్రాండ్ అంటున్నారు.

కాఫీ తాగాక తెలిసింది, ఊళ్ళో పబ్లిక్ టాయిలెట్లన్నీ కరోనా వల్ల మూసేశారని. కాఫీకి మాత్రం ఏ ఆంక్షలూ లేవు. శిరీష కట్టిచ్చిన పులిహోర కార్లోనే తిని, మిగిలిన దారంతా రోడ్డు మీద కన్నా పెట్రోలు బంకుల మీదే ఎక్కువ దృష్టి పెట్టి నడిపాను.

గాల్వేలో కానాగంతల పులుసు

విజయమేరి వాళ్ళ ఫ్లాట్‌లో సోఫా విప్పితే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే సోఫా విప్పుకోదు. అద్దె ఎంతో అడిగి, విని, అడగకుండా ఉండాల్సిందని అనుకున్నాను. కానీ ఆ పులుసు ఉంది చూశారూ. వేసవిలో ఇక్కడి రేవు గట్టు మీద నిలబడి గాలం వేస్తే కానాగంతలు గుత్తులుగా పడతాయి. చాలామంది ఐరిష్ వాళ్ళకు ఆ చేపంటే చిన్నచూపు, పెద్ద చేపలకు ఎరగా వాడతారు. పక్కింటాయన పట్టుకొచ్చి ఊరికే ఇస్తాడట. ఎర పెట్టాల్సిన చేపకు చింతపండు పెట్టి విజయమేరి చేసిన పులుసుతో నేను రెండుసార్లు మారు వడ్డించుకున్నాను.

"ఇదే పెడతావా కర్రీ పాయింట్‌లో?"

"ఇదీ పెడతా. మా హోమ్‌లో కేరళ నర్సులున్నారు, ఫిలిప్పీన్స్ వాళ్ళున్నారు. ఐరిష్ వాళ్ళు కూడా నా డబ్బా మూత తీస్తే చాలు చుట్టూ చేరతారు. చికెన్ కూర, పప్పు, సాంబారు. అన్నం వాళ్ళే వండుకుంటారు." పులుసు గిన్నె మీద మూత పెడుతూ అంది. "బోర్డు మీద విజయమేరి అని పెద్దగా రాయిస్తానన్నయ్యా. హోమ్‌లో ఇన్నేళ్ళూ మేరీ అనే పిలిచారు. సగం పేరుతోనే గడిచిపోయింది."

ప్రభుదాసు షిఫ్టుకు బయలుదేరుతూ నా చెయ్యి పట్టుకోబోయి, కరోనా గుర్తొచ్చి మోచెయ్యి తగిలించాడు. "బావా, నీదే భారం" అన్నాడు. చూసుకుంటాలే అన్నాను. నా ధైర్యం నాకే ముచ్చటేసింది.

టియెర్నీ అండ్ సన్స్

ఊరి పేరు రాయను. కొట్టు యజమాని నోరా గారికి ఇష్టం ఉండదు.

కొట్టు చూసిన క్షణంలోనే నాకు తెగ నచ్చేసింది. అదే వచ్చిన చిక్కు. ముదురాకుపచ్చ రంగు చెక్క, దాని మీద బంగారు రంగులో 'టియెర్నీ అండ్ సన్స్, డ్రేపర్స్' అని ఉబ్బెత్తు అక్షరాలు. డ్రేపర్స్ అంటే బట్టల వర్తకులు. గుమ్మం దగ్గర వంపు తిరిగిన అద్దాలు. కాళ్ళు పడి పడి మధ్యలో పల్లెంలా అరిగిన రాతి మెట్టు. లోపల పొడుగాటి బల్ల, గుడ్డ కొలవడానికి దాని అంచులోనే పొదిగిన ఇత్తడి గజం బద్ద, వెనక గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. కిటికీలో నిలబెట్టిన బొమ్మకు కోటుతో పాటు మాస్కు కూడా తొడిగారు.

నోరా టియెర్నీ గారికి ఎనభై దాటాయి. కొట్టు వెనక భాగంలో ఒక్కరే ఉంటారు. మొదటి లాక్‌డౌన్‌లో రెండు వారాలకే కదా అని తలుపు మూసి, మళ్ళీ తియ్యలేదట. మమ్మల్ని కొట్లోకి రమ్మని, తను బల్లకు అవతల నిలబడ్డారు. మాస్కు పైన రెండు కళ్ళు చురుగ్గా ఉన్నాయి. టీ ఇస్తామన్నారు. ఇప్పుడే తాగొచ్చాం వద్దన్నాను. మన మర్యాద ప్రకారం ఆవిడ ఇంకోసారి అడగాలి, అడిగారు. నేను ఇంకోసారి వద్దనాలి, అన్నాను. మూడోసారి అడిగితే ఒప్పుకుందామనుకున్నాను గానీ, ఈలోగా ఆవిడ మాట కొట్టు మీదికి మళ్ళించారు.

"పాత కొంప ఇది. మీకు చూపించడానికే సిగ్గుగా ఉంది" అన్నారు.

ఎంత మంచి ఆరంభం. అమ్మేవాళ్ళే వంక పెడితే కొనేవాడి పని సగం అయిపోయినట్టే.

"అవునండీ, చాలా పాతది" అన్నాను.

విజయమేరి నా వైపు చూసింది. ప్రోత్సాహం అనుకున్నాను.

"చలికాలంలో కాస్త చెమ్మ" అన్నారు నోరా గారు, గొంతు కొంచెం తగ్గించి.

"కాస్త కాదండీ, వాసన ఇక్కడికే వస్తోంది. చెక్క కూడా లోపల పుచ్చిపోయి ఉంటుంది."

"అన్నయ్యా, నువ్వు మాట్లాడమాక" అంది విజయమేరి తెలుగులో, మాస్కులోంచి. మా అత్తయ్య ఊపు మీద ఉన్నప్పుడు మామయ్య కూడా ఇలాగే అనేవాడు. నేను ఆగలేదు. మనకు ఆస్తి అనగానే ముందు గుర్తొచ్చేది దాయాదులు. రేపు ఏ కొడుకో వచ్చి నా వాటా ఏదంటే? "బోర్డు మీద సన్స్ అని ఉందిగా. మీ అన్నదమ్ములు ఎక్కడుంటారు? వాళ్ళందరూ ఒప్పుకున్నట్టేనా?" అని అడిగాను.

"సన్స్ ఎవరూ లేరు" అన్నారు నోరా గారు. "తన పెళ్ళి నిశ్చయమైన వారంలోనే మా నాన్న బోర్డు రాయించాడు. ఆశ ఎక్కువ ఆయనకి. తర్వాత నేను ఒక్కదాన్నే పుట్టాను."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ సామెతను నిలువెత్తు చెక్క మీద బంగారు అక్షరాల్లో చూస్తాననుకోలేదు. నాకు నవ్వొచ్చింది. మాస్కు ఉందన్న ధైర్యంతో నవ్వాను. నోరు కనబడకపోతేనేం, కళ్ళు కనబడతాయని అప్పుడు తట్టలేదు.

"ఆ బోర్డు తీసేయాలండీ. ఆ పేరు కింద కూర ఎవరు కొంటారు?"

"తీయడానికి లేదు. ఇది చారిత్రక కట్టడమని కౌన్సిల్ వాళ్ళు రాసుకున్నారు. ఒక్క అక్షరం ముట్టుకోనివ్వరు." ఆవిడ బల్ల మీది ఇత్తడి బద్దను వేలితో ఒకసారి తుడిచారు. "మీరు చెప్పింది నిజమే. ఇది మీకు అసలు సరిపోదు. దూరం నుంచి వచ్చారు, శ్రమ కలిగించాను."

అంతా సూత్రం ప్రకారమే నడుస్తోంది. ఇక మిగిలింది నడిచిపోవడమే. రాని విజయమేరిని మోచేత్తో తోసుకుంటూ బయటికొచ్చి, వీధి వెంట నెమ్మదిగా నడిచాను. నాలుగడుగులయ్యాయి. పిలుపు రాలేదు. ఇది పెద్ద బేరం కాబట్టి ఇంకొంచెం దూరం ఇద్దామని మందుల షాపు దాకా వెళ్ళాను. అప్పుడు వెనక నుంచి చప్పుడైంది. నోరా గారు గడియ పెట్టుకున్న చప్పుడు.

"పిలుస్తుందిలే" అన్నాను.

విజయమేరి కారు వైపు నడిచింది.

బ్రీడా గారి పలహారం

బేరం కుదురుతుంది, మర్నాడు పొద్దున కొలతలు తీసుకోవచ్చని విజయమేరి ఆ ఊళ్ళోనే ఒక ఇంట్లో మాకు రెండు గదులు ముందే చెప్పి పెట్టింది. కొలిచే టేపు కూడా తెచ్చుకుంది. ఆ రాత్రి ఆమె ఏమీ తినలేదు. ప్రభుదాసుకు ఫోన్ చేసి, "ఏం లేదులే, సోమవారం డ్యూటీకి వెళ్తా" అని చెప్పడం గోడ అవతల నుంచి వినిపించింది. నాకు చాలా బాధేసింది. అయినా తప్పెక్కడ జరిగిందో మాత్రం అర్థం కాలేదు. బేరం నేను చక్కగానే చేశానే.

పొద్దున ఇంటావిడ బ్రీడా గారు టేబుళ్ళను దూరం దూరంగా జరిపి పలహారం పెట్టారు. నాకు మాంసం వద్దన్నానని గుడ్లు, పుట్టగొడుగులు, టమాటాలు, రెండు రకాల రొట్టె, జామ్, గంజి. పెళ్ళివారికి సరిపోయేంత పెట్టి, "ఏదో రెండు ముక్కలు, ఇంట్లో ఏమీ లేవు" అన్నారు. నేను మర్యాదగా తల ఊపాను.

అవతలి టేబుల్ దగ్గర కార్క్ నగరం నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. ఆవిడ ఆయనతోనూ, "తోట చూశారా, అదొక అడవి, సిగ్గుచేటు" అన్నారు.

"ఊరుకోండి. అధ్యక్షుడి బంగళాలో కూడా అలాంటి తోట లేదు" అన్నాడాయన, వెన్న రాసుకుంటూ, అసలు తోట వైపు చూడకుండానే.

"గది కూడా చిన్నది."

"ఊరుకోండి. రాజుల్లా పడుకున్నాం."

బ్రీడా గారు మొహం వెలిగిపోయి లోపలికెళ్ళి ఆయనకు ఇంకో రెండు రొట్టె ముక్కలు తెచ్చారు. నాకు తేలేదు.

నేను చెంచా కింద పెట్టేశాను. ఇక్కడ ఎవరైనా తమ వస్తువును తక్కువ చేసి చెబితే, కాదనమని అర్థం. పాత కొంప అంటే కాదు భవంతి అనాలి. నోరా గారు ఒక్కొక్క వంకే నా చేతికందించి, కాదంటానేమోనని ఆగి చూశారు. నేను ఒక్కదాన్నీ వదలకుండా అవునన్నాను. ఆవిడ మర్యాద, నా విద్య ఒకదానికొకటి అతికినట్టు సరిపోయి, మా ఇద్దరి మధ్య విజయమేరి కొట్టు నలిగిపోయింది.

"నీకిది తెలుసా?" అని అడిగాను విజయమేరిని.

"తెలవకేం అన్నయ్యా. హోమ్‌లో ముసలమ్మలు పొద్దస్తమానం అదేగా. నేను మీకు బరువైపోయాను అంటారు. కాదు కాదు, మీరుంటేనే మాకు బాగుంటది అనాల. నేను మాట్లాడమాక అంటే నువ్వు ఆగితేగా."

"మళ్ళీ వెళ్దాం పద."

"ఎల్దాం. నువ్వు మాత్రం కార్లోంచి దిగమాక."

రాతి మెట్టు దగ్గర

కారు వీధికి ఇవతలి పక్కన ఆపి అద్దం దించాను. విజయమేరి తలుపు తట్టి, వెనక్కి జరిగి రోడ్డు అంచున నిలబడింది. నోరా గారు మెట్టు మీదికి వచ్చారు. ఇద్దరి మధ్యా రెండు మీటర్ల దూరం పాటించాలి కాబట్టి గట్టిగానే మాట్లాడుకోవాలి. అలా ప్రతి మాటా నాకు వినిపించింది. కరోనా వల్ల నాకు కలిగిన లాభం బహుశా అదొక్కటే.

"ఏమైనా మర్చిపోయారా?" అన్నారు నోరా గారు. కారులో ఉన్న నన్నూ చూశారు. నేను స్టీరింగ్ వంక చూసుకున్నాను.

"చెప్పాల్సిన మాట చెప్పలేదు. నేను ఈ ఊళ్ళోని నర్సింగ్ హోమ్‌లో చేస్తాను."

"తెలుసు. నా దగ్గర కొన్నవాళ్ళు సగం మంది అక్కడికే చేరారు."

"వాళ్ళ బీరువాల్లో బట్టలు సర్దేది నేనే. ఒకావిడ నీలం కోటు ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పెళ్ళైన మర్నాడు వేసుకోవడానికి టియెర్నీల దగ్గర కొన్నానని చెప్పేది. ఇంకొకాయన, మొదటి జీతంతో టియెర్నీల దగ్గర టోపీ కొన్నానని రోజూ చెప్పేవాడు. నేనొచ్చిన కొత్తల్లో టియెర్నీ అంటే ఏదో పెద్ద షాపింగ్ మాల్ అనుకున్నాను." ఆమె గుమ్మం అద్దాల్లోంచి లోపలి బల్ల వంక చూసింది. "పోయినేడు కరోనా అని వాళ్ళ వాళ్ళెవరినీ హోమ్ లోపలికి రానీలేదు. చివర్లో నేను పక్కన కూర్చుంటే, వాళ్ళు ఈ కొట్టు గురించే చెప్పేవాళ్ళు. బల్ల ఎటుండేదో, సొరుగులు ఎట్లా ఉండేవో. నిన్న మొదటిసారి లోపలికొస్తే నాకు కొత్తనిపించలేదు. ఇట్లాంటి చోటు నేను ఎక్కడా చూడలేదు."

నోరా గారు మాస్కును ముక్కు మీదికి సర్దుకున్నారు. నిజానికి అది జారనే లేదు.

"నీలం కోటు మోరీన్‌ది" అన్నారు. "చేతులు పొట్టి చేయించుకుంది."

"అవును. పొట్టిగానే ఉండేవి."

"ఎప్పటి నుంచి వస్తావు?"

"సోమవారం నుంచి."

అంటే ఇక హోమ్ కాంట్రాక్ట్ మీద సంతకం లేనట్టే.

"బోర్డు సంగతి మాత్రం నిజం. దాన్ని మార్చనివ్వరు" అన్నారు నోరా గారు.

"ఫర్వాలేదు" అంది విజయమేరి. ఆ మాట ఆమెకు తేలిగ్గా రాలేదని నాకు తెలుసు.

"నీ పేరేంటి? పూర్తి పేరు."

చెప్పింది. నోరా గారు ఒకసారి తప్పుగా, ఇంకోసారి కాస్త నయంగా, మూడోసారి సరిగ్గా, విజయమేరి అన్నారు. తర్వాత తల పైకెత్తి ఆ బంగారు అక్షరాల వంక చూశారు.

"నా పేరు కూడా లేదు దాని మీద. స్కూలు వదిలినప్పటి నుంచి ఈ కొట్టు నడిపింది నేనే. డబ్లిన్ నుంచి బట్టల ఏజెంట్లు వచ్చి, మీతో కాదమ్మా, సన్స్‌తో మాట్లాడాలి అనేవాళ్ళు. వెనకున్నారు, అడిగొస్తానని లోపలికి వెళ్ళేదాన్ని. నింపాదిగా టీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని బయటికొచ్చి, ఆ ధరకి వాళ్ళు ఒప్పుకోవడం లేదండీ అనేదాన్ని. ఏజెంట్లు ఎప్పుడూ ధర తగ్గించేవాళ్ళు."

ఇలాంటి మనిషి దగ్గరికి నేను బేరానికి వచ్చాను.

"నిన్నూ అడుగుతారు, చూస్తూ ఉండు" అన్నారావిడ. "కౌన్సిల్ వాళ్ళు, సామాను దింపేవాళ్ళు, అందరూ. సన్స్ ఎక్కడ అని."

"ఏం చెప్పమంటారు?"

నోరా గారు జేబులోంచి తాళం చెవి తీసి, వంగి, ఇద్దరికీ మధ్య ఆ అరిగిన మెట్టు మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగారు.

"వెనకున్నారనే చెప్పు. ఇప్పుడది అబద్ధం కాదు. నేను అక్కడే ఉంటాను."